చదివింది చేజారకుండా: రివిజన్ ఎప్పుడు, ఎలా చేయాలి

నేర్చుకున్నది రోజుకింత చొప్పున సమానంగా తరిగిపోదు. పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే పోతుంది, మిగిలింది మాత్రం చాలాకాలం అంటిపెట్టుకుని ఉంటుంది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ దీన్ని తనమీద తానే కొలిచి 1885లో ప్రచురించాడు. అర్థంలేని పదాంశాల వరసల్ని బట్టీపట్టి, కొంత విరామం ఇచ్చి మళ్లీ బట్టీపట్టి, రెండోసారి శ్రమ ఎంత కలిసొచ్చిందో లెక్కగట్టాడు. 20 నిమిషాల విరామానికి 58 శాతం కలిసొచ్చింది. గంటకు 44, ఒక రోజుకు 34, ఆరు రోజులకు 25, నెలకు 21. 2015లో ఆంస్టర్‌డామ్ పరిశోధకులు అదే ప్రయోగం తిరిగి చేస్తే గీత దాదాపు అదే వంపులో వచ్చింది.

ఈ అంకెల్ని చూసి ఒక్క రోజులో మూడింట రెండు వంతులు మర్చిపోతామని అనుకోకూడదు. నెట్‌లో తిరిగే చాలా బొమ్మలు చేసే పొరపాటు అదే. ఇది ఎంత గుర్తుందో చెప్పే లెక్క కాదు, తిరిగి నేర్చుకోవడంలో ఎంత ఆదా అయిందో చెప్పే లెక్క. పైగా అర్థం చేసుకుని చదివిన పాఠం, అర్థంలేని పదాంశాల కంటే నిదానంగా పోతుంది. వంపు మాత్రం అదే. అందుకే మొదటి రివిజన్ తొందరగా పడాలి, తర్వాతవి ఎడంఎడంగా జరుగుతూ పోవాలి.

ముందు పుస్తకం మూయండి

రివిజన్ అంటే మళ్లీ చదవడమే అనుకుంటే సగం శ్రమ వృథా. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరితో రెండుసార్లు చదివించారు. మిగతావాళ్లతో ఒకసారి చదివించి, చూడకుండా గుర్తున్నంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతానికి 75. వారం తర్వాత అడిగితే తారుమారు: వాళ్లకు 42, రాసినవాళ్లకు 56.

రెండోసారి చదివేటప్పుడు వాక్యాలు పరిచయంగా తగులుతాయి. ఆ పరిచయాన్నే మనం 'వచ్చేసింది' అనుకుంటాం. రంగు పెన్నుతో గీతలు కొట్టడం కూడా ఈ భ్రమనే పెంచుతుంది. కాబట్టి ఇలా చేయండి. 20, 25 నిమిషాలు చదివాక పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తొచ్చినదంతా రాయండి. వరస తప్పినా ఫర్వాలేదు, పొడి మాటలైనా చాలు. ఇక రావడం లేదనిపించాక ఇంకో రెండు నిమిషాలు ఆగండి, కొన్ని అప్పుడే పైకొస్తాయి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి, తప్పు రాసినవి ఇంకో రంగు సిరాతో దిద్దండి. ఈ దిద్దుబాటు దాటేస్తే తప్పు తప్పుగానే గట్టిపడుతుంది. ఆ రెండో రంగులో ఉన్నదే మీ రివిజన్ సరుకు. మొదటి రంగులో ఉన్నదాని జోలికి ఆ రోజు వెళ్లనక్కర్లేదు.

కార్డు రాయడం

ఆ సరుకును ముందు ప్రశ్న, వెనుక జవాబు ఉండే కార్డులుగా రాసుకోవాలి. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. 'గుండెలో రక్తప్రసరణ వివరించు' అని ఒక కార్డు రాస్తారు. సగం చెప్పగలిగితే అది ఒప్పా, తప్పా? తేల్చుకోలేక ఒప్పు వేసేసుకుంటారు, మిగతా సగం ఎప్పటికీ రాదు. ఒక కార్డుకు ఒకే ప్రశ్న, ఒకే జవాబు ఉండాలి. 'కుడి జఠరిక నుంచి రక్తం ఏ నాళంలోకి వెళ్తుంది?' వెనుక: పుపుస ధమని. దానికి తోడు ఇంకొకటి: 'పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువ ఉన్న రక్తం ఎందుకుంటుంది?' వెనుక: అది గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్తోంది, ఇంకా ఆక్సిజన్ అందలేదు. పేరు అడిగే కార్డు, కారణం అడిగే కార్డు ఒకదాన్నొకటి పట్టి నిలబెడతాయి.

మరపుకి కాలం ఒక్కటే కారణం కాదు, పోలిక కూడా. పుపుస ధమని, పుపుస సిర లాంటి జంటలు ఒకదాని మీద ఒకటి పడి రెండూ చెడతాయి. విడివిడిగా ఎన్నిసార్లు తిప్పినా ఈ తికమక పోదు. 'ఈ రెంటిలో ఎడమ కర్ణికకు చేరేది ఏది?' అని రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టే కార్డు ఒకటి రాయాలి. ఒకేలాంటి రెండు అధ్యాయాలను ఒకే రాత్రి వెంటవెంటనే చదవకపోవడం కూడా మంచిది.

ఎడం ఎంత?

మీకది ఎన్నాళ్లకు కావాలన్నదాన్ని బట్టి ఎడం మారుతుంది. 2008లో సెపెడా అనే పరిశోధకుడి బృందం 1,350 మందికి పైగా మనుషులతో ఇదే చూసింది. మొదటిసారి నేర్చుకోవడానికీ ఒకే ఒక్క రివిజన్‌కీ మధ్య ఎంత ఎడం ఉంటే మంచిదంటే, ఆ తర్వాత వారానికి జరిగే పరీక్షకు 1 రోజు, 35 రోజులకు 11, 350 రోజులకు 21 బాగా పనిచేశాయి. అంటే వారంలో పరీక్ష ఉంటే మర్నాడు రివిజన్ సరిపోతుంది, ఏడాది నిలవాలంటే ఆ ఒక్క మర్నాటి రివిజన్ చాలదు.

నిజానికి ఒక్క రివిజన్‌తో ఎవరూ ఆగరు కాబట్టి, మూడు నెలల తర్వాత కావలసినదానికి మేం చెప్పే వరస ఇది: అదే రోజు సాయంత్రం, 1వ రోజు (అంటే మర్నాడు), 4వ రోజు, 11వ రోజు, 28వ రోజు, 60వ రోజు. ఇవి రాతిమీద గీతలేం కావు. ఒక రోజు అటూఇటూ అయినా నష్టం లేదు. తప్పిపోయిన రివిజన్‌ను ఆలస్యంగానైనా చేయండి, కష్టపడి గుర్తు తెచ్చుకున్నది మరింత గట్టిగా నాటుకుంటుంది. అస్సలు గుర్తురాకపోతే మాత్రం ఆ కార్డును మళ్లీ 1వ రోజుకు తెచ్చేయండి.

తేదీలు రాసుకునే ఓపిక లేకపోతే సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన డబ్బాల పద్ధతి ఉంది. ఐదు డబ్బాలు పెట్టుకుని, మొదటిది రోజూ, రెండోది రెండు రోజులకు, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది ఎనిమిది రోజులకు, ఐదోది పదహారు రోజులకు తీయాలి. ఒప్పయిన కార్డు తర్వాతి డబ్బాలోకి, తప్పయిన కార్డు ఎక్కడున్నా మొదటి డబ్బాలోకి. మొదటి డబ్బా నిండిపోతుంటే కొత్తవి మరీ ఎక్కువ వేస్తున్నట్టు, లేదా కార్డులు సరిగా రాయనట్టు.

యాప్ వాడితే

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కార్డులు చూపించే ఆంకీ లాంటి యాప్ ఎడాలను తనే లెక్కేస్తుంది, మీరు నిజం చెప్పినంతవరకే. గుర్తురాని కార్డుకు మొహమాటపడి 'హార్డ్' నొక్కకండి. 'హార్డ్' అంటే కష్టంగానైనా వచ్చిందని అర్థం, రాకపోతే 'ఎగైన్' నొక్కాలి. ఇది తప్పితే యాప్ మీకు వచ్చనుకుని ఎడం పెంచుతూ పోతుంది.

రెండో ప్రమాదం ఉత్సాహం. రోజుకు 20 కొత్త కార్డులు వేస్తే కొన్ని వారాలకు రోజువారీ రివిజన్ 200 దగ్గరకు చేరుతుంది. మొదటి వారంలో ఆ బరువు కనిపించదు. 8 లేదా 10తో మొదలుపెట్టండి. బకాయి పేరుకుంటే కొత్తవి సున్నా చేసి, అది తీరేదాకా రోజుకు ఇంతని తీర్చండి. కార్డుల్లో ఎంత శాతం గుర్తుండాలో యాప్‌కు చెప్పే అంకెను 90 నుంచి 97కు పెంచాలనిపిస్తుంది, పెంచకండి. ఆ చివరి కొద్ది శాతం కోసం రివిజన్లు రెట్టింపు దాటిపోతాయి. ఎనిమిదిసార్లు మర్చిపోయిన కార్డుకు ఆంకీ జలగ అని ముద్ర వేస్తుంది. దాన్ని తొమ్మిదోసారి తిప్పడం కాదు, విడగొట్టి కొత్తగా రాయాలి.

ఏళ్ల తర్వాత తిరిగి మొదలుపెడితే

బడిలోనో కాలేజీలోనో స్పానిష్ నేర్చుకున్నవాళ్లను హ్యారీ బాహ్రిక్ 50 ఏళ్ల దాకా ఎడంతో పరీక్షించి 1984లో ఫలితాలు ప్రకటించాడు. మొదటి 3 నుంచి 6 ఏళ్లలో బాగా తగ్గింది, ఆపైన మిగిలింది 30 ఏళ్ల దాకా దాదాపు కదలకుండా ఉంది. కాబట్టి పాత విషయానికి తిరిగొచ్చినప్పుడు మొదటి పేజీ నుంచి చదవకండి. ముందు అధ్యాయానికి ఐదు ప్రశ్నల చొప్పున మిమ్మల్ని మీరు పుస్తకం తెరవకుండా పరీక్షించుకోండి. నాలుగు వచ్చిన అధ్యాయాన్ని వదిలేయండి. రెండో, మూడో వచ్చినదానికి తప్పిన ప్రశ్నల మేరకే కార్డులు రాయండి. ఒకటి లేదా సున్నా వచ్చినదాన్ని మాత్రమే కొత్త పాఠంలా చదవండి.