గేటు నుంచి పోర్టికో దాకా: కారు దారికి నేలను సిద్ధం చేసుకోవడం

తిరుపతిలో ఇల్లు కట్టుకునేవారు గేటు నుంచి పోర్టికో దాకా ఏ రంగు పేవర్ బ్లాకులు పరచాలా అని వారాల తరబడి ఆలోచిస్తారు గానీ, వాటి కింద ఉండే నేల సంగతి మేస్త్రీకే వదిలేస్తారు. దారి కుంగడానికి చాలావరకు కారణం ఆ నేలలోకి దిగిన నీరే. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి (2021 నవంబరు వరదలను ఇక్కడివారు మరచిపోలేరు), కనుక ఈ పనిని వేసవిలోనే ముగించుకోవడం మంచిది.

ఒక కారుకు పది అడుగుల వెడల్పు చాలు. రెండు పక్కలా మరో అర అడుగు కలుపుకొని ముగ్గు పోసి, గడ్డి వేళ్లున్న పైమట్టిని పూర్తిగా తీసివేసి, సుమారు అడుగు లోతు తవ్వించాలి. అడుగున గట్టి ఎర్రమట్టి కనిపిస్తే అదృష్టమే. నల్లరేగడి తగిలితే, అది తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది కనుక, మరో అర అడుగు తీసి ఆ చోట గ్రావెల్ నింపాలి. నీటి పైపులకు, కరెంటు తీగలకు కావలసిన గొట్టాలను కూడా ఈ దశలోనే వేయించాలి.

గొట్టాల కాలువలను పూడ్చేటప్పుడు తొందరపడకూడదు. మా ఇంట్లో ఆ మట్టిని ఒకేసారి పోసి పైపైన తొక్కించి ఊరుకున్నాం. మొదటి వానలకే గొట్టం వెంబడి జానెడు వెడల్పున నేల చాలులా కుంగింది. నాలుగైదు అంగుళాల మందాన పోస్తూ, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో గానీ ప్లేట్ వైబ్రేటర్‌తో గానీ గట్టిపరచాలి. తడి ఎంత ఉండాలో తెలుసుకోవడానికి గుప్పెడు మట్టిని పిసికి నడుము ఎత్తు నుంచి వదలండి: ముద్ద రెండు మూడు పెళ్లలుగా విరిగితే సరిపోయినట్లు, పొడిగా రాలితే నీళ్లు చాలనట్లు, చేతికి అంటుకుంటే ఎక్కువైనట్లు.

ఆ తరువాత కంకర. ఒకే సైజు రాళ్ల మధ్య ఖాళీలు మిగులుతాయి కనుక, నలభై ఎం.ఎం. కంకరలో చిన్న కంకర, క్రషర్ డస్టు (రాతి పొడి) కలిపి, గట్టిపడ్డాక ఆరు అంగుళాలు నిలిచేలా రెండు పొరలుగా పరిపించాలి. వాలు మాత్రం అడుగున మట్టి దశ నుంచే ఇంటికి ఎదురు దిక్కుగా, యాభై అడుగులకు ఒక అడుగు చొప్పున ఉండాలి. దారం కట్టి, ట్యూబ్ లెవల్‌తో (నీళ్లు నింపిన సన్నటి గొట్టంతో) చూసుకుంటే పొరపాటు జరగదు. గేటు ముందు కాలువను పూడ్చి ర్యాంపు వేయడం మన వీధుల్లో మామూలైపోయింది గానీ, అలా నిలిచిన నీరు తిరిగి మన కంకర కిందికే చేరుతుంది, కనుక అక్కడ సిమెంటు తూము వేయించండి.

చివరగా, ఇసుక తెచ్చిన ట్రాక్టరును, లోడు దించకముందే, ఆ కంకర మీద మెల్లగా ఒకసారి నడిపించి, టైరు పక్కన నిలబడి చూడండి. టైరు కింద నేల పరుపులా అణగి మళ్లీ లేస్తే, ఆ చోట సున్నంతో గుర్తు పెట్టి, అట్టడుగు దాకా తవ్వి, మెత్తటి మట్టిని తీసివేసి గ్రావెల్‌తో మళ్లీ దిమ్మిస కొట్టించాలి.