వెనక డిస్క్ బ్రేకులు సరే, మరి పార్కింగ్ బ్రేక్ సంగతి?

పాత షెవ్రొలే సీ10 లాంటి అమెరికన్ పికప్‌లకి వెనక డ్రమ్ములు పీకేసి డిస్కులు బిగిస్తున్నారా, అయితే కిట్ కొనేముందే పార్కింగ్ బ్రేక్ ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే డ్రమ్ముతో పాటే లోపలి లివర్, కేబుల్ తగిలించే చోటు అన్నీ పోతాయి. చవక కిట్లలో చాలావాటికి అది ఉండదు.

తేలిక దారి, లివర్ ఉన్న కాలిపర్లు (డిస్కుని ప్యాడ్లతో నొక్కిపట్టే భాగాలు). 1970ల చివరి కాడిలాక్ ఎల్డరాడో రకం బాగా వాడుకలో ఉంది. వీటితో ఒక చిక్కుంది: కేబుల్ తగిలించే ముందు లివర్‌ని మళ్లీ మళ్లీ ఆడిస్తూ, ప్యాడ్లు డిస్కుకి దాదాపు ఆనేదాకా పిస్టన్‌ని బయటికి తేవాలి, అది చేయకపోతే బ్రేక్ లైన్లలోంచి ఎన్నిసార్లు గాలి తీసినా పెడల్ మెత్తగా కిందికి దిగుతూనే ఉంటుంది, జనం అనవసరంగా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే భాగం) మార్చేస్తుంటారు. కేబుల్ వదిలినప్పుడు లివర్ పూర్తిగా వెనక్కి రావాలి కూడా.

డబ్బు పెట్టగలిగితే డిస్కు మధ్యభాగంలోనే పార్కింగ్ బ్రేక్ కోసం చిన్న డ్రమ్ము ఉండే రకం తీసుకోండి, నా ఓటు దానికే.

లైన్ లాక్ (పెడల్ తొక్కాక బ్రేక్ లైన్‌లో ప్రెషర్‌ని బంధించి ఉంచే వాల్వ్) చాలులే అని ఎవరైనా అంటే వినొద్దు. బ్రేక్ ఆయిల్ ప్రెషర్ మెల్లగా దిగిపోయిందంటే బండి కదులుతుంది. డ్రైవ్‌షాఫ్ట్ మీద బిగించే బ్రేక్ గట్టిగానే పడుతుంది గానీ, మామూలు డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) ఉన్న బండికి వెనక ఒక చక్రం జాకీ మీద లేపితే రెండోది దొర్లిపోగలదు, కాబట్టి టైరు మార్చేటప్పుడు చక్రాల కింద అడ్డు పెట్టాల్సిందే.