ప్రభుత్వ భవనాలకు ఈసీబీసీ అనుమతి: బెంగళూరులో దరఖాస్తు ఎలా, ఫైలు ఎక్కడ ఆగుతుంది

బెంగళూరులో ప్రభుత్వ పనులు చేసే తెలుగు కాంట్రాక్టర్లు, సైట్ ఇంజనీర్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి టెండర్ కాగితాల మధ్యలో "భవనం ఈసీబీసీ ప్రకారం ఉండాలి" అనే ఒక్క లైను ఎదురవుతుంది. దాన్ని చదివి, పని అయ్యాక ఎవరో కన్సల్టెంట్‌ని పట్టుకుని సర్టిఫికెట్ తెచ్చుకుందాంలే అని పక్కన పెట్టేస్తారు. ఆ ఆలోచనతోనే ఫైలు ఆగుతుంది, ఎందుకంటే ఇందులో అడిగే సగం కాగితాలు గోడ కట్టే రోజున, అద్దం కొనే రోజున, స్లాబ్ మీద ఇన్సులేషన్ పరిచే రోజున మాత్రమే పుడతాయి. ఆ రోజు దాటితే వాటిని మళ్లీ పుట్టించే దారి లేదు.

ముందు అసలు విషయం. ఈసీబీసీ, అంటే ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్, భవనాల్లో కరెంటు పొదుపు కోసం కేంద్రం పెట్టిన కోడ్. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అంటే మన ఏసీల మీద, ఫ్రిజ్‌ల మీద స్టార్లు వేసే బీఈఈయే, 2007లో దీన్ని తెచ్చింది, 2017లో బాగా మార్చింది. 2022లో చట్టానికి సవరణ వచ్చి, కోడ్ పేరులో 'సస్టైనబుల్' అన్న మాట చేరింది, పెద్ద నివాస భవనాలను కూడా దీని కిందికి తెచ్చే వీలు కలిగింది. అందుకే మొదటి పని: మీ టెండర్‌లో ఏ సంవత్సరం కోడ్ రాశారో చూడండి. ఊరికే 'ఈసీబీసీ' అని ఉంటే ప్రీబిడ్ మీటింగ్‌లోనే రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. నేను కింద చెప్పే అంకెలన్నీ 2017 కోడ్‌వి.

మీ భవనానికి వర్తిస్తుందా?

కనెక్టెడ్ లోడ్ (భవనంలోని పరికరాలన్నిటి మొత్తం కరెంటు సామర్థ్యం) 100 కిలోవాట్లు గానీ, కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) 120 కేవీఏ గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వర్తిస్తుంది. ఏసీ లేని చిన్న తాలూకా ఆఫీసుకి ఈ గొడవ ఉండకపోవచ్చు. కానీ ఏసీలు, రెండు లిఫ్టులు, పంపులు, సర్వర్ రూము ఉన్న నాలుగంతస్తుల ఆఫీసు ఈ గీతను తేలిగ్గా దాటేస్తుంది. ఆసుపత్రులు, కాలేజీలు, శిక్షణ కేంద్రాల సంగతి చెప్పక్కర్లేదు. లోడ్‌ని రెండు ఆర్ఆర్ నంబర్ల (కరెంటు కనెక్షన్ నంబర్ల) కింద విడగొడితే తప్పించుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. మీరే ఇచ్చిన ఎలక్ట్రికల్ డ్రాయింగ్‌లో మొత్తం లోడ్ రాసే ఉంటుంది. ప్రభుత్వ పనిలో రేపు ఆడిట్ వస్తే ఆ సలహా ఇచ్చినవాడు ఫోన్ ఎత్తడు.

ఇంకో గందరగోళం గ్రీన్ రేటింగ్‌తో వస్తుంది. 'గృహ' (GRIHA) పథకం స్టార్లు, ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) ఇచ్చే ప్లాటినం, గోల్డ్ ఇవన్నీ రేటింగులు. ఈసీబీసీ చట్టం కింద వచ్చిన కోడ్. రేటింగ్ కోసం చేసిన లెక్కలు ఇక్కడ బాగా పనికొస్తాయి, కానీ రేటింగ్ పత్రం తెచ్చి ఫైల్లో పెడితే కోడ్ పాటించినట్టు కాదు. టెండర్‌లో రెండూ అడిగితే రెండూ విడిగా చేయాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

కోడ్ రాసేది ఢిల్లీలోని బీఈఈ, రాష్ట్రంలో దాని తరఫున చూసేది 'స్టేట్ డెజిగ్నేటెడ్ ఏజెన్సీ'. కర్ణాటకలో ఆ ఏజెన్సీ క్రెడెల్, అంటే కర్ణాటక రెన్యూవబుల్ ఎనర్జీ డెవలప్‌మెంట్ లిమిటెడ్. ప్లాన్ మంజూరు, ఓసీ (భవనం వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) మాత్రం స్థానిక సంస్థ చేతిలో ఉంటాయి. 2025 సెప్టెంబర్‌లో నగర పాలక సంస్థ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద 5 కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి, పాత ఫైల్లో ఉన్న ఆఫీసు పేరునే కాపీ కొట్టకుండా మీ సైటు ఇప్పుడు ఏ కార్పొరేషన్ కిందికి వస్తుందో చూసుకుని లెటర్ రాయండి. సీపీడబ్ల్యూడీ లాంటి కేంద్ర శాఖ పనైతే ఎస్టిమేట్, డ్రాయింగుల పరిశీలన ఆ శాఖ లోపలే జరుగుతుంది. అక్కడ మీ మొదటి గుమ్మం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఆఫీసు. దరఖాస్తు ఫారం ఆ వారం పోర్టల్ నుంచి దించుకున్నదే వాడండి, పక్క ప్రాజెక్టు ఫైల్లోంచి తీసిన జిరాక్స్ వద్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే టెక్నికల్ శాంక్షన్‌కి (ఎస్టిమేట్‌కి ఇంజనీర్లు ఇచ్చే సాంకేతిక మంజూరుకి) ముందే. ఎస్టిమేట్ ఖరారయ్యాక, బీఓక్యూలో (పని ఐటమ్‌ల, పరిమాణాల జాబితాలో) మామూలు అద్దం, మామూలు గోడ ఎక్కేశాక, "ఈ అద్దం కోడ్‌కి సరిపోదు" అంటే అది ఎక్స్‌ట్రా ఐటమ్ అవుతుంది. ఎక్స్‌ట్రా ఐటమ్‌కి మళ్లీ రేటు విశ్లేషణ, మళ్లీ మంజూరు, మళ్లీ సంతకాలు, ఈలోపు సైట్‌లో మేస్త్రీలకు పని ఉండదు. మీరు కాంట్రాక్టరైతే డిజైన్ మీ చేతిలో ఉండకపోవచ్చు, కానీ బిడ్ వేసే ముందు బీఓక్యూని కోడ్‌తో పోల్చి చూసే పని మీదే.

ఏ పద్ధతిలో నిరూపించాలి

కోడ్‌లో మూడు మెట్లున్నాయి: ఈసీబీసీ, ఈసీబీసీ ప్లస్, సూపర్ ఈసీబీసీ. మామూలు భవనంతో పోలిస్తే మొదటిదానితో సుమారు 25 శాతం, రెండోదానితో 35, మూడోదానితో 50 శాతం కరెంటు ఆదా అవుతుందని అంచనా. టెండర్ ప్రత్యేకంగా అడగకపోతే మొదటి మెట్టు చాలు.

నిరూపించడానికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి ప్రిస్క్రిప్టివ్: గోడకి ఇంత, కప్పుకి ఇంత, అద్దానికి ఇంత, లైట్లకి ఇంత అని కోడ్ ఇచ్చిన ప్రతి అంకెనూ విడివిడిగా అందుకోవడం. రెండోది మొత్తం భవనాన్ని సాఫ్ట్‌వేర్‌లో నమూనాగా కట్టి, ఏడాదిలోని 8,760 గంటలకీ లెక్క నడిపి, మీ భవనం వాడకాన్ని కోడ్ చెప్పిన ప్రామాణిక భవనం వాడకంతో భాగించడం. ఆ నిష్పత్తి 1కి మించకూడదు. చిన్న, మధ్యరకం ప్రభుత్వ ఆఫీసులకి మొదటి దారే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఖర్చు తక్కువ, చూసే అధికారికి కూడా అర్థమవుతుంది. ముఖభాగం నిండా అద్దాలు పెట్టి తీరాలని ఆర్కిటెక్ట్ పట్టుబడితే రెండోదారి తప్పదు, ఎందుకంటే మొదటిదారిలో గోడ విస్తీర్ణంలో అద్దం 40 శాతం దాటకూడదు. ఏ దారిలో వెళ్లినా కొన్ని తప్పనిసరి నిబంధనలు ఉంటాయి, సిమ్యులేషన్ చేయించాం కాబట్టి అవి వర్తించవు అనుకోవద్దు.

అద్దం, గోడ, కప్పు

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, వెనక్కొచ్చే ఫైళ్లు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటాయి.

కోడ్ దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విడదీసింది. బెంగళూరు సమశీతోష్ణ మండలంలో ఉంది, చెన్నై ఉక్కపోత మండలంలో, అంటే వేడి, తేమ ఉన్నదాంట్లో. అందుకని బెంగళూరులో గోడకి కొంత వెసులుబాటు దొరుకుతుంది: చాలా రకాల భవనాలకి గోడ యూ వాల్యూ 0.55 దాకా ఉండొచ్చు, చెన్నైలో 0.40 దాటకూడదు. 10,000 చదరపు మీటర్ల లోపు ఆఫీసులకైతే రెండు ఊళ్లలోనూ 0.63 దాకా ఒప్పుకుంటారు. యూ వాల్యూ అంటే గోడ ఎంత వేడిని లోపలికి వదులుతుందో చెప్పే అంకె, తక్కువుంటే మంచిది. మనం అలవాటుగా కట్టే 9 అంగుళాల ఇటుక గోడ ప్లాస్టర్‌తో కలిపి సుమారు 2 ఉంటుంది. 200 మిల్లీమీటర్ల ఏఏసీ బ్లాకు (గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు బ్లాకు) 0.7, 0.8 మధ్య వస్తుంది. అంటే ఏఏసీ బ్లాకు పెట్టేశాం కదా అని ధీమాగా ఉండటానికి లేదు, ఇన్సులేషన్ పొర గానీ, ఇంకా మందం గానీ కావాలి.

కప్పు దగ్గర బెంగళూరుకి ఏ మినహాయింపూ లేదు. ఎక్కువ భవనాలకి 0.33. ఇన్సులేషన్ రకాన్ని బట్టి 75, 80 మిల్లీమీటర్ల దగ్గర లెక్క తేలుతుంది. సుర్కీ, ఇటుక ముక్కల పొర వేసి పైన పెంకులు పరిస్తే నీళ్లు ఆగుతాయేమో గానీ ఈ అంకె రాదు. వాలు తక్కువున్న కప్పుల పైపూత ఎండను తిప్పికొట్టాలి కూడా, సౌర ప్రతిఫలనం కనీసం 0.6 ఉండాలి. తెల్ల చైనా మొజాయిక్ లేదా కూల్ రూఫ్ పెయింటు వేసేది ఇందుకే, అయితే ఏది వేసినా దాని పరీక్షా నివేదిక కావాలి.

ఇక అద్దం. హైదరాబాద్‌లో ఒక ప్రాజెక్టు చేసి, అదే ఎక్సెల్ షీటుతో బెంగళూరు వచ్చేవాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఎండ వేడిని అద్దం ఎంత లోపలికి వదులుతుందో చెప్పే అంకె ఎస్‌హెచ్‌జీసీ. ఉత్తరం కాని దిక్కుల్లో ఇది 0.27 దాటకూడదు. ఉత్తరం వైపు మాత్రం 15 డిగ్రీల అక్షాంశం, ఆపైన ఉన్న ఊళ్లకి 0.50 దాకా వదులు ఇచ్చారు. హైదరాబాద్, విజయవాడ, కర్నూలు ఆ గీతకి పైన ఉన్నాయి. బెంగళూరు, చెన్నై రెండూ 13 డిగ్రీల దగ్గర ఉన్నాయి, మన తిరుపతి, నెల్లూరు, అనంతపురం కూడా గీతకి కిందే. దక్షిణానికి వచ్చేకొద్దీ ఎండాకాలంలో సూర్యుడు ఉత్తరం వైపునుంచి ఎక్కువ రోజులు కొడతాడు కాబట్టి ఇక్కడ ఉత్తరం గోడకి కూడా 0.27 అద్దమే పెట్టాలి. హైదరాబాద్ షీటులోని 0.50ని మార్చకుండా వదిలేస్తే మిగతా లెక్కంతా సరిగ్గా ఉన్నా ఫైలు తిరిగొస్తుంది.

సరే, అయితే కారు నల్లద్దం లాంటిది పెట్టేద్దాం అంటారా, దానికీ అడ్డం ఉంది: వెలుతురు లోపలికి వచ్చే వాటా, వీఎల్‌టీ, కనీసం 0.27 ఉండాలి. వేడి ఆపి వెలుతురు వదిలే అద్దం ఖరీదెక్కువ. ఖర్చు తగ్గించే దారి కూడా కోడ్‌లోనే ఉంది, సన్‌షేడ్. కిటికీ మీద సరైన లోతున్న చజ్జా, పక్కన ఫిన్ (నిలువు నీడ పలక) ఉంటే ఆ నీడని లెక్కలోకి తీసుకుని కాస్త చవక అద్దానికి ఒప్పుకుంటారు. మన తాతల కాలపు ఇళ్లకి చజ్జా లేకుండా కిటికీ ఉండేది కాదు, ఇప్పుడు దాన్ని తీసేసి అద్దానికి డబ్బు పోస్తున్నాం. దోమలూరులో ఇంధన పరిశోధన సంస్థ టేరీ వాళ్ల భవనం వీలైతే ఒకసారి చూడండి, దక్షిణం గోడకి మన కడప నల్లరాయి పరిచి, ఆ వేడితోనే లోపలి గాలి పైకి లాగేలా కట్టారు. కొత్త యంత్రాలేమీ అక్కర్లేకుండా దిక్కు చూసి కడితే ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది.

లైట్ల సంగతి తేలిక. ఆఫీసుకి చదరపు మీటరుకి 9.5 వాట్ల పరిమితి, ఎల్‌ఈడీలతో హాయిగా వచ్చేస్తుంది. 300 చదరపు మీటర్లు దాటిన చోట లైట్లు వాటంతటవే ఆరిపోయే ఏర్పాటు ఉండాలి, ఖర్చు తగ్గించమనగానే ముందు కొట్టేసేది ఆ సెన్సర్లనే, కొట్టేయనివ్వకండి. చిన్న స్ప్లిట్ ఏసీలు కనీసం 3 స్టార్. కప్పు మీద సోలార్ కోసం కొంత జాగా నీడ లేకుండా వదలాలి, కాబట్టి ఓవర్‌హెడ్ ట్యాంకు, లిఫ్టు గది ఎక్కడ పెడుతున్నారో ముందే చూడండి.

దరఖాస్తుతో పెట్టే కాగితాలు

యజమాని శాఖ లెటర్, ఆర్కిటెక్చరల్ డ్రాయింగులు, గోడ, కప్పు సెక్షన్లు పొరల మందంతో సహా, అద్దాల షెడ్యూలు దిక్కులవారీగా, లోడ్ లెక్క, సింగిల్ లైన్ డయాగ్రమ్, ఏసీ, లైట్ల షెడ్యూళ్లు, కోడ్‌లోని చెక్‌లిస్టులు నింపి, సంబంధిత ఆర్కిటెక్ట్, ఇంజనీరు సంతకాలతో. సిమ్యులేషన్ దారైతే నివేదికతో పాటు ఇన్‌పుట్ ఫైళ్లు కూడా. చెక్‌లిస్టులో ప్రతి అంకె పక్కన అది ఏ డ్రాయింగ్‌లో ఉందో ఆ నంబరు రాయండి, ఈ ఒక్క అలవాటు మీకు నెలలు ఆదా చేస్తుంది. చూసేవాళ్లకి రెండు డ్రాయింగుల్లో రెండు రకాల అద్దం కనిపిస్తే అక్కడితో చదవడం ఆపేస్తారు. హైదరాబాద్‌లో పనిచేసినవాళ్లకి థర్డ్ పార్టీ అసెసర్ పద్ధతి అలవాటే ఉంటుంది. ఇక్కడా బయటి పరిశీలకుడు వస్తే ఆయన ప్రశ్నలకి ఫోన్‌లో కాక మెయిల్‌లో జవాబివ్వండి.

సైట్ మొదలయ్యాక

మంజూరైన అద్దం దొరకలేదని 'ఈక్వివలెంట్ మేక్', అంటే వేరే కంపెనీ సరుకు, పెట్టడం ప్రభుత్వ పనుల్లో రోజూ జరిగేదే. పెట్టండి, కానీ మూడు అంకెలూ, అంటే యూ వాల్యూ, ఎస్‌హెచ్‌జీసీ, వీఎల్‌టీ, కొత్తదానికి కూడా సరిపోతున్నాయని తయారీదారు పరీక్షా నివేదికతో ముందే ఆమోదం తీసుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి. కప్పు ఇన్సులేషన్ మీద స్క్రీడ్ (పైన పోసే కాంక్రీటు పొర) పోసే ముందు తేదీ కనబడేలా, మందం టేపుతో కొలుస్తూ ఫొటోలు తీసి, ఏఈఈ (శాఖ ఇంజనీరు) సంతకంతో ఎంబీలో (కొలతల పుస్తకంలో) ఎక్కించుకోండి. స్క్రీడ్ పడ్డాక కింద 80 మిల్లీమీటర్లు ఉందని ఎవరూ నమ్మరు, కోర్ కట్ చేసి, అంటే తొలిచి నమూనా తీసి, చూపమంటారు. అద్దం పెట్టెల మీద లేబుళ్లు, ఏసీల మీద స్టార్ లేబుళ్లు కూడా ఫొటో తీసి దాచండి, సరుకు వచ్చిన రోజు చలానాతో కలిపి.

పని అయ్యాక కట్టినదాని డ్రాయింగులు, కమిషనింగ్ రిపోర్టులు, ఈ ఫొటోలు, నివేదికలు అన్నీ జతచేసి పూర్తయినట్టు దరఖాస్తు పెడతారు, పరిశీలన జరిగాక ఓసీ వైపు ఫైలు కదులుతుంది. మంజూరైన డ్రాయింగుకీ కట్టినదానికీ తేడా ఉంటే దాచొద్దు, డీవియేషన్ స్టేట్‌మెంట్ మీరే ముందు ఇవ్వండి.

ఆఫీసు భవనమైతే ఇంకో మాట. 2009 నుంచి బీఈఈ నడుస్తున్న భవనాలకి 1 నుంచి 5 స్టార్ల లేబుల్ ఇస్తోంది, చదరపు మీటరుకి ఏడాదికి ఎన్ని యూనిట్లు కాల్చారన్న లెక్క మీద. దానికి ఏడాది పొడుగునా వచ్చిన బిల్లులు కావాలి కాబట్టి, భవనం అప్పగించేటప్పుడే ఆ శాఖ మెయింటెనెన్స్ వాళ్లకి బెస్కాం (కరెంటు కంపెనీ) బిల్లులు, జనరేటర్ డీజిల్ లాగ్‌బుక్, సోలార్ మీటరు రీడింగులు మొదటి నెల నుంచే ఒక ఫైల్లో పెట్టమని రాసి ఇవ్వండి.