30 వేలలోపు టీవీ ఎలా ఎంచుకోవాలి?

మా బంధువుల్లో ఎవరు టీవీ కొనాలన్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. అంతా విని, షోరూమ్‌కి వెళ్లి, సేల్స్‌మన్ చెప్పింది కొనుక్కొస్తారు. వారం తిరక్కుండా "పక్కనుంచి చూస్తే బొమ్మ తెల్లబారుతోంది" అని మళ్లీ నాకే ఫోన్. అందుకే ఒకసారి రాసి పెడుతున్నాను.

కావాల్సినవి ఒక కొలత టేపు, ఒక పెన్‌డ్రైవ్. అంతే.

1. సైజు

సోఫాలో కూర్చున్నప్పుడు తల ఉండే చోటినుంచి టీవీ పెట్టే చోటుదాకా టేపు పట్టండి. వచ్చిన అంగుళాలను 1.7తో భాగించండి. 6 అడుగులంటే 72 అంగుళాలు, అంటే 43 టీవీ. 7 అడుగులైతే 50, 8 అయితే 55. బల్లమీద పెట్టేవాళ్లు కాళ్లమధ్య దూరం కూడా చూసుకోండి. ఇప్పుడు చాలా టీవీలకు కాళ్లు రెండు చివర్లా ఉంటున్నాయి, పాత స్టాండు చాలదు. "32 దాటితే పన్ను ఎక్కువ" అనే సలహా ఇక పాతది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీద కూడా జీఎస్టీ 18 శాతమే.

2. రిజల్యూషన్

బొమ్మ ఎన్ని గీతలతో ఏర్పడుతుందో అదే రిజల్యూషన్. బెడ్‌రూమ్‌లో 32కి హెచ్‌డీ రెడీ (4కే కంటే చాలా తక్కువ గీతలు) సరిపోతుంది. 43, ఆపైన 4కే తప్ప ఇంకేదీ కొనకండి. అయితే సెట్‌టాప్ బాక్సులో మామూలు ఎస్‌డీ ఛానళ్లే చూస్తుంటే, 576 గీతల బొమ్మను 4కే టీవీ 2160 గీతలకు సాగదీస్తుంది. సీరియల్లో మొహాలు మైనం పూసినట్టు కనిపిస్తాయి. దానికి టీవీని తిట్టకండి, హెచ్‌డీ ప్యాక్ వేయించుకోండి.

3. పేర్లు

ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ రెండూ వెనకనుంచి లైటు పడే ఎల్‌సీడీలే. క్యూఎల్ఈడీలో క్వాంటమ్ డాట్ల (రంగుల్ని స్వచ్ఛంగా చూపే సూక్ష్మ కణాల) పొర ఉండటంవల్ల రంగులు బాగుంటాయి, నలుపు మాత్రం దానివల్ల మెరుగుపడదు. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగి ఆరుతుంది. కొత్తది ఈ డబ్బుకి రాదు, మర్చిపోండి.

4. ప్యానెల్

ప్యానెల్ అంటే బొమ్మ కనిపించే తెర. అందరూ బోల్తాపడేది ఇక్కడే. ఎల్‌సీడీ ప్యానెల్స్‌లో ప్రధానంగా రెండు రకాలు: వీఏ, ఐపీఎస్. వీఏలో నలుపు గాఢంగా ఉంటుంది, పక్కకి జరిగితే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్‌లో ఏ మూలనుంచైనా రంగులు నిలుస్తాయి, రాత్రిపూట నలుపు బూడిదరంగులో కనిపిస్తుంది. ఏది పెట్టారో డబ్బామీద సాధారణంగా రాయరు. ఒకే మోడల్లో 43కి ఒక రకం, 55కి ఇంకో రకం ఉండొచ్చు. కాబట్టి 55 చూపించి "43 కూడా ఇంతే సార్" అంటే నమ్మొద్దు. మీరు కొనే సైజే చూడండి.

షోరూమ్‌లో తిరిగే డెమో వీడియోలో చిలకలు, పూలు, కోసిన పండ్లు ఉంటాయి. వాటిలో ఏ టీవీ అయినా బాగానే కనిపిస్తుంది. పైగా రంగుల్ని, వెలుగుని అతిగా పెంచి చూపే వివిడ్ మోడ్‌లో పెడతారు. మీ పెన్‌డ్రైవ్‌లో ఒక రాత్రి సీను, ఒక క్రికెట్ క్లిప్పు వేసుకెళ్లండి. పిక్చర్ మోడ్ "మూవీ"కి మార్పించండి. పెన్‌డ్రైవ్ పెట్టడం కుదరదంటే ఇంకో షాపుకి వెళ్లండి.

ముందు ఎదురుగా నిలబడి, సినిమా బొమ్మకు పైనా కిందా వచ్చే పట్టీలు చూడండి. నల్లగా ఉన్నాయా, బూడిదరంగులో ఉన్నాయా, మూలల్లో లైటు కారుతోందా? తర్వాత పక్కకి నడవండి, మీ ఇంట్లో దివాన్ మీద కూర్చునేవాళ్లు ఎంత వాలుగా చూస్తారో అంత. ఆ తర్వాత మొహమాటపడకుండా కింద కూర్చుని చూడండి, ఇంట్లో చాపమీదనుంచి చూసేవాళ్లు ఉంటారుగా. ఇద్దరే ఎదురుగా కూర్చుని రాత్రిళ్లు సినిమాలు చూసే ఇంటికి వీఏ. హాలునిండా జనం ఉండే ఇంటికి ఐపీఎస్. ఇందులో మధ్యేమార్గం లేదు.

యూట్యూబ్ రివ్యూ చాలదా అంటారు. ఆ టీవీ రంగులు మీరు చూస్తున్నది మీ ఫోన్ తెరమీద కదా!

హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపించే పద్ధతి) స్టిక్కర్‌కి అదనంగా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. చవక టీవీ ఆ సిగ్నల్ తీసుకుంటుంది, చూపించేంత వెలుగు మాత్రం దానికి ఉండదు.

5. మిగతావి

హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు ఉండాలి, ఒకటి ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపేది). స్మార్ట్ ఫీచర్లు చూసి మురిసిపోకండి. రెండేళ్లకి నెమ్మదిస్తే విడిగా స్ట్రీమింగ్ స్టిక్ (టీవీకి తగిలిస్తే యాప్‌లు నడిపే చిన్న పరికరం) కొనుక్కోవచ్చు, ప్యానెల్ మాత్రం మార్చలేరు. ఇంటికొచ్చాక తెల్ల తెర వేసి మచ్చలేమైనా ఉన్నాయేమో చూశాకే బిగించేవాళ్ల కాగితంమీద సంతకం పెట్టండి.

బిగించేవాళ్లు స్విచ్‌బోర్డుకి పైన, ఎక్కడో కప్పు దగ్గర పెడతామంటారు. అంత ఎత్తులో వీఏ ప్యానెల్ కిందనుంచి చూసినా వెలిసిపోతుంది. కూర్చున్నప్పుడు మీ కంటి ఎత్తు కొలిచి, తెర నడిమి భాగం అక్కడికే వచ్చేలా గోడమీద మీరే పెన్సిల్ గీత గీసి ఇవ్వండి.