కదలని బోల్టుకు పైపు వేసే ముందు

పట్టుకుపోయిన బోల్టు కనబడగానే చాలామంది పానాకు పైపు తొడిగి లాగేస్తారు. నేనూ పైపు వాడతాను, కానీ ఆఖరున. ముందు పనులు సరిగా చేస్తే చాలా బోల్టులకు పైపు అవసరమే పడదు.

ముందుగా బయటికి కనిపించే మరల మీది తుప్పును, మట్టిని వైరు బ్రష్‌తో గీకేయండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. నేనైతే సాయంత్రం కొట్టి, పొద్దున పని మొదలుపెడతాను. అంత టైమ్ లేకపోతే అరగంటైనా ఆగాలి. ఈలోగా బోల్టు తల మీద సుత్తితో నిటారుగా కొన్ని దెబ్బలు వేస్తే తుప్పు పొర చిట్లి, నూనె లోపలికి దిగుతుంది.

తర్వాత చూడాల్సింది పట్టు. బోల్టు తలకు టోపీలా తొడిగే సాకెట్లలో ఆరు మూలలదే వాడండి. పన్నెండు మూలలది అయితే బలమంతా బోల్టు తల అంచుల మీదే పడుతుంది, అవి త్వరగా అరిగిపోతాయి. తల గుండ్రమయ్యాక ఎంత పొడుగు పైపు ఉన్నా లాభం లేదు. రాచెట్‌కు (పళ్ల మీద ఒక వైపుకే పట్టి తిప్పే హ్యాండిల్) మాత్రం ఎప్పుడూ పైపు తొడగొద్దు, లోపలి పళ్లు విరుగుతాయి. గట్టి బ్రేకర్ బార్‌కే (పళ్లు లేని పొడుగు సాకెట్ హ్యాండిల్) తొడగండి.

పైపు ఎంత మార్పు తెస్తుందో లెక్క చూడండి. పావు మీటరు పానా చివర 40 కిలోల బలం పెడితే బోల్టుకు అందే తిప్పే బలం 10 కేజీ-మీటర్లు (కిలోలను మీటర్లతో గుణిస్తే వచ్చేది). అదే బలాన్ని ముప్పావు మీటరు దూరంలో పెడితే 30. చాలా కార్ల చక్రం నట్లు బిగించేది 10 నుంచి 12 దగ్గరే, కాబట్టి ఇది చిన్న బలం కాదు. పైపు మందంగా ఉండాలి, హ్యాండిల్ మీద వదులుగా ఆడకూడదు, కనీసం జానెడైనా లోపలికి దిగాలి. చాలాసార్లు జాకీతో వచ్చే గొట్టపు హ్యాండిలే సరిపోతుంది. పైపు లేకపోతే కాంబినేషన్ పానా రింగు వైపు బోల్టుకు పెట్టి, రెండో చివర తెరిచి ఉన్న నోటి ఒక దవడకు ఇంకో పానా రింగు తగిలించి లాగొచ్చు. అయితే అది జారే అవకాశం ఎక్కువ. పెద్ద బోల్టులకు నేను ఆ పద్ధతి వాడను.

ఇక లాగడం. నెట్టకండి, మీ వైపుకే లాగండి. నెట్టేటప్పుడు పానా జారితే వేళ్లు నేరుగా ఇనుముకు తగులుతాయి. బలం మెల్లగా పెంచుతూ పోవాలి, పొడుగు పైపు వల్ల నిజమైన లాభం ఇదే. బోల్టు ఏం చేస్తోందో చేతికి తెలుస్తుంది. కిర్రుమని ఒక్కసారి కదిలితే మంచి గుర్తు. కదులుతున్నట్టే ఉండి రబ్బరులా సాగుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి, బోల్టు మెలితిరుగుతోంది, ఇంకాస్త లాగితే విరుగుతుంది. అప్పుడు కాస్త బిగించే వైపు తిప్పి, మళ్లీ స్ప్రే కొట్టి, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయాలి. ఇక్కడ ఓపిక పడితే, విరిగిన ముక్కను డ్రిల్లు చేసి తీసే బాధ తప్పుతుంది.

10 నంబరు పానా పట్టే చిన్న బోల్టులకు పైపు జోలికే పోవద్దు. వాటిని బిగించేదే సుమారు 1 కేజీ-మీటరు. పైపు వేస్తే చేతికి తెలిసేలోపే తెగిపోతాయి.

తిప్పే దిక్కు కూడా చూసుకోండి. కొన్ని పాత లారీల ఎడమ వైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది. మామూలు దిక్కులో తిప్పితే అవి ఇంకా బిగుస్తాయి.

చక్రం నట్లను టైరు నేల మీద ఉండగానే, హ్యాండ్‌బ్రేకు వేసి వదులు చేయాలి. జాకీ మీద ఉన్న బండికి పైపు వేసి లాగితే బండి జాకీ మీంచి జారి మనుషుల మీద పడుతుంది. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. బోల్టును వేడి చేసి వదులు చేద్దామనుకున్నా, స్ప్రే కొట్టిన చోట, బ్రేకు గొట్టాల దగ్గర, పెట్రోలు ట్యాంకు దగ్గర మంట పెట్టొద్దు.

తిరిగి బిగించేటప్పుడు పైపు పక్కన పెట్టేయండి. మరలు శుభ్రం చేసి, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) బండి మాన్యువల్‌లో ఇచ్చిన అంకె వరకే బిగించండి. ఆ రెంచ్‌ను బోల్టులు ఊడదీయడానికి వాడితే దాని కొలత తప్పుతుంది.