బతికున్న సెల్ పొర మీద గుంటలు చూడాలంటే లైట్ తగ్గించండప్పా

సెల్ (జీవకణం) బయటి పొర మీద క్లాత్రిన్ గుంటలు ఉంటాయి కదా, అంటే బయటి సరుకుని లోపలికి తీసుకునే, క్లాత్రిన్ అనే ప్రోటీన్ కప్పుకున్న చిన్న గుంతలు, ఒక్కోటి దాదాపు 100 నానోమీటర్లు. మామూలు లైట్ మైక్రోస్కోప్ విడదీసి చూపించేది 200 పైనే, అందుకే గుంట ఆకారం కనపడదు, వెలిగే చుక్క ఒకటే కనపడతాది. 1964లో రోత్, పోర్టర్ దోమ గుడ్డు సెల్స్‌లో వీటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూశారు, ఆకారం బ్రహ్మాండంగా తెలుస్తాది గానీ అందులో పెట్టే సెల్ చచ్చిపోయిందే. గుంట పుట్టి, లోతయ్యి, తెగి లోపలికి పోయేది చూడాలంటే టిర్ఫ్ అనే మైక్రోస్కోప్ పద్ధతి బాగా పనికొస్తాది. లైట్‌ని బాగా ఏటవాలుగా పంపితే గాజు దగ్గరే మొత్తం వెనక్కి తిరుగుతాది, గాజు దాటి 100-200 నానోమీటర్ల దాకా మాత్రం కొంచెం పాకుతాది, అందుకే గాజుకి అంటుకున్న పొర ఒకటే వెలుగుతాది, సెల్ లోపలంతా చీకటి.

సెల్స్‌ని ముందు రోజే 0.17 మిల్లీమీటర్ల గాజు అడుగున్న డిష్‌లో వేసుకోండి. క్లాత్రిన్‌లో ఒక భాగమైన లైట్ చైన్‌కో, గుంట కట్టడంలో తోడుండే ఏపీ2 ప్రోటీన్‌కో జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ తగిలిస్తారు కదా, అందులో బాగా మెరిసే సెల్ జోలికి పోవద్దు, ప్రోటీన్ ఎక్కువైతే గుంటల నడకే మారిపోతాది, కాస్త మసగ్గా ఉన్నదే పట్టుకోండి.

నేను అనంతపురం నుంచి బెంగళూరుకి బస్సులో సెల్స్ తీసుకుపోయేవాణ్ణి. ఫ్లాస్క్‌లో హెపీస్ (ఆమ్లత మారకుండా పట్టే మందు) కలిపిన మీడియం, అంటే సెల్స్ బతికే ద్రవం, అంచుదాకా నింపి మూత బిగించాలి, గాలి ఉంటే కుదుపులకి సెల్స్ ఊడొస్తాయి. ఒకసారి మే నెలలో బ్యాగు కిటికీ పక్క ఎండలో పెట్టినా, దిగి చూస్తే అన్నీ గుండ్రంగా ముడుచుకుని తేలుతున్నాయి, నెల రోజుల పని పాయె.

డిష్ ఒకటే 37 డిగ్రీల్లో ఉంటే చాలదు, ఆబ్జెక్టివ్‌ని, అంటే డిష్‌కి దగ్గరుండే లెన్స్‌ని కూడా వేడి చేయాలి. చల్లని ఆబ్జెక్టివ్ మధ్యలో ఉండే ఆయిల్ గుండా డిష్ వేడిని లాగేస్తాది, అప్పుడు గుంటలన్నీ నెమ్మదిస్తాయి, మీరేమో అదే వాటి స్వభావం అనుకుంటారు. ఫోకస్ నిలబడాలంటే గంట ముందే అన్నీ ఆన్ చేసి పెట్టండి, ఏసీ గాలి స్టేజ్ మీద పడకుండా చూసుకోండి.

లేజర్‌ని చుక్క కనపడీ కనపడనంత తగ్గించి, 2 సెకండ్లకి ఒక ఫ్రేమ్ చొప్పున 5 నిమిషాలు తీయండి. బొమ్మ అందంగా రావాలని లైట్ పెంచారో, కాసేపటికి కొత్త చుక్కలు పుట్టడం ఆగిపోతాది, సెల్ దెబ్బతింది అని అర్థం, ఆ వీడియో పక్కన పెట్టేయండి.

20 సెకండ్లలోపే మాయమైన చుక్కలు చాలావరకు మధ్యలో ఆగిపోయినవే, అర నిమిషం నుంచి 2 నిమిషాలు ఉన్నవే ఎక్కువగా లోపలికి పోతాయి. అయితే టైమ్ ఒక్కటే చూసి తేల్చొద్దు, ఎర్ర రంగులో డైనమిన్ (గుంట మెడని తెంపే ప్రోటీన్) కూడా పెట్టుకోండి, గుంట తెగే ముందు అది ఒక్కసారి భగ్గుమంటాది, ఆ మెరుపు తర్వాత చుక్క పోతే అప్పుడు నమ్మొచ్చు. చివర్లో ఒక డిష్‌కి క్లాత్రిన్ గుంటల్ని ఆపే 0.45 మోలార్ సుక్రోజ్ (పంచదార) మీడియం పోసి చూడండి, చుక్కల రాకపోకలు ఆగిపోవాలి, ఆగలేదంటే మీరు చూస్తున్నవి క్లాత్రిన్ గుంటలు కాకపోవచ్చు.