యాక్సిడెంట్ కేసులో పరిహారం: జీతం చీటీ లేకపోతే

కావలి దగ్గర హైవే మీద మనిషి పోయినా, కుటుంబం సింగరాయకొండలో ఉంటే కేసు ఒంగోలు ట్రిబ్యునల్‌లో (యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టులో) వేసుకోవచ్చు. 6 నెలల్లోపే వేయండి. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బండి ఇన్సూరెన్స్ కాపీ జతచేయాలి.

తిరకాసంతా ఆదాయం దగ్గరే. రొయ్యల చెరువు కూలీకి జీతం చీటీ ఎక్కడిది? యజమానిని సాక్షిగా పిలిపించండి, కూలి జమైన బ్యాంకు పాస్‌బుక్ చూపండి. ఉత్త తెల్లకాగితం సర్టిఫికెట్ నిలవదు.

లెక్క చూడండి: వయసు 38, నెలకు 12,000, ఆధారపడినవాళ్లు నలుగురు. భవిష్యత్ పెరుగుదల 40 శాతం కలిపితే 16,800. సొంత ఖర్చు నాలుగో వంతు తీస్తే 12,600. దాన్ని ఏడాదికి 12తో, ఆపై 15తో (చనిపోయినవారి వయసును బట్టి కోర్టులు తీసుకునే గుణకం) గుణిస్తే 22,68,000. అంత్యక్రియల ఖర్చు వగైరా వేరు. ఇన్సూరెన్స్ వాళ్లు ముందే రాజీకొస్తే ఈ అంకె పక్కన పెట్టుకుని మాట్లాడండి.

గుద్దిన బండి దొరక్కపోతే దారి వేరు: 2 లక్షలే, రెవెన్యూ ఆఫీసులో అర్జీ.